సూక్ష్మజీవిని పరీక్షించి మందును ఎంచిన మహనీయుడు సర్ అలెగ్జాండర్ ఫ్లెమింగ్

(ఆగస్టు 6 – ఫ్లెమింగ్ జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్, ఆగస్టు 5: పెన్సిలిన్ పేరు వినగానే ప్రపంచానికి స్ఫురించే మహనీయుడు సర్ అలెగ్జాండర్ ఫ్లెమింగ్. గాజు పళ్లెంలో పెరిగిన బూజు చుట్టూ సూక్ష్మజీవులు నశించిన వైనాన్ని ఆయన గమనించిన ఘట్టం పాఠ్యపుస్తకాల ద్వారా అందరికీ సుపరిచితమే. అయితే ఆయన వృత్తి జీవితంలో అధిక భాగం వేరొక కృషికి అంకితమైంది. రోగి శరీరంలో చేరిన సూక్ష్మజీవి ఏది, దానిపై ఏ మందు పనిచేస్తుంది, ఏ మందు పనిచేయదు అన్న విషయాన్ని ప్రయోగశాలలో నిర్ధారించిన పిమ్మటే చికిత్స సాగాలన్నది ఆ కృషి సారాంశం. ఆసుపత్రులలో యాంటీబయాటిక్ మందులకు లొంగని బాక్టీరియా రోగుల ప్రాణాలకు ముప్పుగా పరిణమించిన ఈ కాలంలో, ఆ మహనీయుని జీవితాన్ని ఈ కోణం నుంచి స్మరించుకోవడం ఎంతైనా సముచితం.

బాల్యం, విద్యాభ్యాసం

అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1881 ఆగస్టు 6వ తేదీన స్కాట్లాండ్‌లోని అయర్‌షైర్ ప్రాంతంలో, డార్వెల్ పట్టణ సమీపాన గల లాక్‌ఫీల్డ్ అనే వ్యవసాయ క్షేత్రంలో జన్మించారు. తండ్రి హ్యూ ఫ్లెమింగ్ రైతు. తల్లి గ్రేస్ మోర్టన్ ఆయనకు రెండవ భార్య. ఏడేళ్ల వయస్సులోనే తండ్రిని కోల్పోయిన అలెగ్జాండర్, తల్లి, సోదరుల సంరక్షణలో పెరిగారు. గొర్రెల మందలు, వాగులు, గడ్డి భూములు ఆ బాలునికి తొలి పాఠశాల అయ్యాయి. చుట్టుపక్కల జరిగే చిన్న మార్పును సైతం కనిపెట్టే అలవాటు ఆ పల్లె జీవితంలోనే ఆయనకు అబ్బిందని జీవితచరిత్రకారులు భావిస్తారు.

లౌడన్ మూర్, డార్వెల్ పాఠశాలల్లో ప్రాథమిక విద్య, కిల్మార్నాక్ అకాడమీలో రెండేళ్ల చదువు పూర్తయిన తరువాత, కౌమార ప్రాయంలోనే ఆయన లండన్‌లోని సోదరుల వద్దకు చేరుకున్నారు. అక్కడ రాయల్ పాలిటెక్నిక్ సంస్థలో కొంతకాలం చదివి, నౌకా రవాణా కార్యాలయంలో నాలుగేళ్ల పాటు గుమాస్తాగా పనిచేశారు. ఆ కొలువు ఆయనకు ఎంతమాత్రం తృప్తినివ్వలేదు. ఆ తరుణంలో జాన్ ఫ్లెమింగ్ అనే బంధువు మరణానంతరం వారసత్వంగా కొంత సొమ్ము లభించడంతో, అప్పటికే వైద్య వృత్తిలో స్థిరపడిన అన్నగారి సలహా మేరకు వైద్య విద్యను అభ్యసించాలని నిశ్చయించుకున్నారు.

లండన్‌లో అనేక వైద్య కళాశాలలు ఉన్నప్పటికీ, ప్యాడింగ్టన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రి కళాశాలనే ఆయన ఎంపిక చేసుకోవడానికి, గతంలో ఆ కళాశాల జట్టుతో నీటి పోలో ఆట ఆడి ఉండటం ఒక కారణమని చెబుతారు. 1906లో వైద్య వృత్తికి అర్హత సాధించి, 1908లో లండన్ విశ్వవిద్యాలయం స్వర్ణ పతకాన్ని అందుకున్నారు. ఫ్లెమింగ్ మంచి గురికాడు కూడా. ఆయన వెళ్లిపోతే ఆసుపత్రి రైఫిల్ జట్టు బలహీనపడుతుందని భావించిన జట్టు నాయకుడు, అక్కడే టీకాల విభాగంలో చేరవలసిందిగా సూచించారు. శస్త్రచికిత్స నిపుణుడు కావలసిన యువకుడు ఆ విధంగా సూక్ష్మజీవ శాస్త్రవేత్తగా మారి, తుదిశ్వాస వరకు ఆ ఆసుపత్రితోనే అనుబంధాన్ని కొనసాగించడం విశేషం.

ఒక్క రక్తపు చుక్కతో పరీక్ష

సెయింట్ మేరీస్ టీకాల విభాగానికి అధిపతి సర్ ఆల్మ్‌రోత్ రైట్. టైఫాయిడ్ టీకా రూపకర్తగా ప్రసిద్ధి చెందిన ఆయన, 19వ శతాబ్దం చివరలో ప్లేగు కమిషన్ సభ్యునిగా భారతదేశానికి వచ్చిన శాస్త్రవేత్త. రోగులు ఉండే వార్డులకు ప్రయోగశాల దగ్గరగా ఉండాలని, పరీక్షలు చేసే వ్యక్తే రోగిని కూడా చూడాలని రైట్ పట్టుదల. ఆ వాతావరణంలో ఫ్లెమింగ్ చేతి నేర్పు వికసించింది. గాజు గొట్టాలను మంటపై కాచి సాగదీసి, తనకు కావలసిన సన్నని గొట్టాలను తానే తయారు చేసుకొనేవారు.

ఆ రోజుల్లో సిఫిలిస్ వ్యాధి నిర్ధారణకు వాసర్‌మన్ పరీక్ష వాడుకలో ఉండేది. అందుకు రోగి నరం నుంచి గణనీయమైన పరిమాణంలో రక్తం తీయవలసి వచ్చేది. వేలి కొన నుంచి తీసిన కొద్దిపాటి రక్తంతోనే ఆ పరీక్షను నిర్వహించే సరళమైన పద్ధతిని ఫ్లెమింగ్ రూపొందించి 1909లో ప్రకటించారు. వ్యాధి నిర్ధారణ సులువుగా, తక్కువ నమూనాతో జరగాలన్న ఆయన తపనకు ఇది తొలి నిదర్శనం. జర్మనీ శాస్త్రవేత్త పాల్ ఎర్లిష్ రూపొందించిన సాల్వర్సన్ మందును బ్రిటన్‌లో తొలిగా ఉపయోగించిన వైద్యులలోనూ ఆయన ఒకరు. నిర్ధారణ ఒక చేతితో, చికిత్స మరొక చేతితో చేసిన ఆ అనుభవం ఆయన భావి పరిశోధనలకు పునాది వేసింది.

యుద్ధ గాయాలు నేర్పిన పాఠం

1914లో మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభం కాగానే రైట్ బృందంతో పాటు ఫ్లెమింగ్ సైనిక వైద్య దళంలో చేరి ఫ్రాన్స్‌లోని బులోన్ పట్టణానికి తరలివెళ్లారు. విలాస భవనమైన కాసినో అక్కడ ఆసుపత్రిగా, దాని పై అంతస్తు ప్రయోగశాలగా మారాయి. యుద్ధభూమి నుంచి వచ్చే క్షతగాత్రుల గాయాలలో మట్టి, బట్టల పీలికలు, వాటితో పాటు అసంఖ్యాకమైన సూక్ష్మజీవులు ఉండేవి. గాయం మానుతుందని భావించిన సైనికుడు చీము పట్టి, శరీరమంతా విషపూరితమై మరణించడం నిత్యకృత్యంగా ఉండేది.

అప్పటి వైద్యులు గాయాలను ఘాటైన క్రిమినాశక ద్రావణాలతో కడిగేవారు. అది సరైన పద్ధతేనా అన్న సందేహం ఫ్లెమింగ్‌కు కలిగింది. గాజు గొట్టాన్ని కాచి, దాని చుట్టూ ముళ్ల వంటి బోలు కొసలను సాగదీసి, లోతైన యుద్ధ గాయానికి నమూనాగా ఒక గాజు గాయాన్ని ఆయన తయారు చేశారు. దానిని సూక్ష్మజీవులతో నింపి, పిమ్మట క్రిమినాశక ద్రావణంతో కడిగి పరిశీలించగా, ఆ ద్రావణం కొసల లోపలికి చేరడం లేదని, అక్కడ దాగిన క్రిములు మళ్లీ వృద్ధి చెందుతున్నాయని స్పష్టమైంది. అంతకంటే ముఖ్యంగా, ఆ ద్రావణాలు సూక్ష్మజీవుల కన్నా వేగంగా రోగి శరీరాన్ని రక్షించే తెల్ల రక్తకణాలనే నాశనం చేస్తున్నట్లు తేలింది. మందు ఘాటు కాదు, అది ఏ కణంపై పనిచేస్తున్నదన్నదే ప్రధానమని ఆయన గ్రహించారు.

ఆ యుద్ధకాలంలో ఫ్లెమింగ్ చేసిన మరొక పరిశీలన నేటికీ అంతగా ప్రచారంలోకి రాలేదు. సహచరునితో కలిసి సైనిక ఆసుపత్రిలోని క్షతగాత్రుల గాయాలను చేరిన రోజున, అనంతరం కొన్నాళ్లకు పరీక్షించగా, చేరినప్పుడు కొద్దిమంది గాయాలలోనే ఉన్న స్ట్రెప్టోకాకస్ క్రిమి, ఆసుపత్రిలో ఉన్న కాలంలో అత్యధికులకు సోకినట్లు గమనించారు. అనగా, సైనికుడు ఆ క్రిమిని యుద్ధభూమి నుంచి తెచ్చుకోలేదు. ప్రాణం నిలపవలసిన ఆసుపత్రిలోనే అది ఒకరి నుంచి మరొకరికి పాకింది. 1919లో లాన్సెట్ వైద్య పత్రికలో ఈ వివరాలు వెలువడ్డాయి. ఆసుపత్రిలో సంక్రమించే వ్యాధులను ప్రయోగశాల ఆధారాలతో నిరూపించిన తొలి పరిశీలనలలో ఇది పేర్కొనదగినది.

యుద్ధ సమయంలోనే, 1915 డిసెంబర్‌లో, ఫ్లెమింగ్ ఐర్లండ్‌కు చెందిన నర్సు సారా మెకెల్‌రాయ్‌ను వివాహమాడారు. వారి ఏకైక కుమారుడు రాబర్ట్ సైతం వైద్య వృత్తినే చేపట్టారు.

కన్నీటి చుక్క నుంచి కాలువ పళ్లెం వరకు

యుద్ధానంతరం సెయింట్ మేరీస్‌కు తిరిగి వచ్చిన ఫ్లెమింగ్, శరీరానికి హాని చేయకుండా సూక్ష్మజీవులను మాత్రమే నిర్మూలించే పదార్థం కోసం అన్వేషణ సాగించారు. 1921 చివరలో జలుబుతో బాధపడుతున్న సమయంలో తన ముక్కు స్రావాన్నే పోషక మాధ్యమంపై ఉంచి పరిశీలించగా, ఒక జాతి బాక్టీరియా కరిగిపోవడం గమనించారు. కన్నీరు, లాలాజలం, కోడిగుడ్డు తెల్లసొనలో కూడా ఆ గుణం ఉన్నదని తేలింది. దానికి లైసోజైమ్ అని నామకరణం చేసి 1922లో ప్రకటించారు. కన్నీటి నమూనాల కోసం ప్రయోగశాల సిబ్బంది, విద్యార్థులు నిమ్మ తొక్క రసంతో కళ్లు మండించుకొనవలసి వచ్చిన ఉదంతం ఆ సంస్థలో చిరకాలం హాస్యంగా చెప్పుకొనేవారు. ప్రమాదకర క్రిములలో అధిక భాగం లైసోజైమ్‌కు లొంగకపోవడంతో అది ఔషధం కాలేకపోయినా, దాని వెంట ఒక అమూల్యమైన పరీక్షా పద్ధతి రూపుదిద్దుకుంది.

ఆ పద్ధతి చూడటానికి అతి సామాన్యమైనది. గాజు పళ్లెంలో గడ్డకట్టిన అగార్ పోషక మాధ్యమాన్ని మధ్యలో కాలువ వలె కోసి తీసివేస్తారు. ఆ ఖాళీని పరీక్షించదలచిన పదార్థం కలిపిన అగార్‌తో నింపుతారు. పిమ్మట వేర్వేరు రోగుల నుంచి సేకరించిన సూక్ష్మజీవులను కాలువకు అడ్డంగా వరుస గీతలుగా పూస్తారు. ఒక రాత్రి వెచ్చని పెట్టెలో ఉంచితే, ఆ పదార్థానికి లొంగే క్రిమి గీత కాలువకు దూరంగానే ఆగిపోతుంది. లొంగని క్రిమి కాలువ అంచు వరకు నిరాటంకంగా పెరుగుతుంది. ఏ యంత్రమూ అవసరం లేకుండా, ఒకే పళ్లెంలో అనేక క్రిముల స్వభావం కంటికి కనిపించేలా తేల్చిచెప్పే ఈ కాలువ పళ్లెమే, నేటి ఆసుపత్రులలో సెన్సిటివిటీ పరీక్ష పేరిట నిర్వహిస్తున్న విధానానికి పూర్వరూపాలలో ఒకటి.

పెన్సిలిన్ ఆవిష్కరణ

1928 వేసవిలో కుటుంబంతో సఫోక్ ప్రాంతంలోని గృహంలో సెలవులు గడిపి, సెప్టెంబర్ 3న ఫ్లెమింగ్ ప్రయోగశాలకు తిరిగి వచ్చారు. స్టెఫిలోకాకస్ క్రిములను పెంచిన పాత పళ్లెంలలో ఒకదానిపై బూజు పెరిగి, దాని చుట్టూ క్రిములు కరిగిపోయి ఉండటం ఆయన దృష్టిని ఆకర్షించింది. పాడైన పళ్లెంగా దానిని పారవేయక, ఆ బూజును వేరుచేసి పెంచారు. అది పెన్సిలియం జాతికి చెందినదని తెలిసిన మీదట, దాని స్రావానికి 1929 మార్చిలో పెన్సిలిన్ అని పేరు పెట్టారు.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటున్నది. 1929లో వెలువడిన ఆయన పరిశోధన పత్రం పెన్సిలిన్ ఏ క్రిములను నిర్మూలిస్తుందో మాత్రమే చెప్పి ఊరుకోలేదు. ఏ క్రిములపై పనిచేయదో కూడా అంతే శ్రద్ధతో వివరించింది. కాలువ పళ్లెంపై వరుసగా పరీక్షించిన మీదట స్టెఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్, న్యుమోకాకస్, గనేరియా, డిఫ్తీరియా క్రిములు పెన్సిలిన్‌కు లొంగుతాయని, పేగులలో నివసించే కోలై, టైఫాయిడ్ వర్గానికి చెందిన క్రిములు, అప్పట్లో ఇన్‌ఫ్లుయెంజా క్రిమిగా పిలిచిన బాక్టీరియా లొంగవని ఆయన నమోదు చేశారు. అంతటితో ఆగక, లొంగే క్రిములను పెన్సిలిన్‌తో అణచివేసి, లొంగని క్రిమిని మాత్రమే పళ్లెంలో వేరుగా పెంచే ఉపాయాన్ని కూడా కనుగొన్నారు. పెన్సిలిన్ ఔషధం కావడానికి పదేళ్లకు పైగా ముందే, వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలలో పరికరంగా ఉపయోగపడింది. ఆ పరిశోధన పత్రం శీర్షిక కూడా ఈ ఉపయోగాన్నే ప్రస్తావిస్తున్నది.

అయితే పెన్సిలిన్‌ను శుద్ధి చేసి, నిల్వ ఉండే ఔషధంగా మలచడం ఆయన చిన్న ప్రయోగశాలకు సాధ్యపడలేదు. వ్యాధి సోకించిన జంతువులపై దాని రక్షణ శక్తిని పరీక్షించే ప్రయోగాన్ని కూడా ఆయన చేపట్టలేదు. ఆ మహత్కార్యాన్ని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో హోవార్డ్ ఫ్లోరీ, ఎర్నెస్ట్ చెయిన్, నార్మన్ హీట్లీ తదితరులు నెరవేర్చారు. 1940 మే 25న ప్రాణాంతకమైన స్ట్రెప్టోకాకస్ క్రిమిని ఎక్కించిన 8 ఎలుకలలో పెన్సిలిన్ ఇచ్చిన 4 బతికి, ఇవ్వని 4 మరణించడంతో ఆ ఔషధ శక్తి నిరూపితమైంది. ఈ ఘనత ఏ ఒక్కరిదో కాదని, పరిశీలించిన కన్ను ఒకరిదైతే ఔషధంగా మలచిన చేతులు మరికొందరివని చరిత్ర అంగీకరిస్తున్నది.

ముందు పరీక్ష, తరువాత మందు

ఫ్లెమింగ్ జీవితంలో అత్యంత ఉత్కంఠభరితమైన ఘట్టం 1942 ఆగస్టులో చోటుచేసుకుంది. ఆయన సోదరుల వ్యాపార సంస్థతో సంబంధం ఉన్న ఒక వ్యక్తి మెదడు పొరల వాపుతో సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో చేరారు. అప్పటికి అందుబాటులో ఉన్న సల్ఫా మందులు ఇచ్చినా ఫలితం లేకపోయింది. రోగి స్పృహ తప్పే స్థితికి చేరారు. ఫ్లెమింగ్ వెన్నుపూస నుంచి తీసిన ద్రవాన్ని పరీక్షించి, వ్యాధికి కారణమైన స్ట్రెప్టోకాకస్‌ను వేరుచేసి పెంచారు. ఆ క్రిమి పెన్సిలిన్‌కు లొంగుతుందా అన్న విషయాన్ని ముందుగా ప్రయోగశాలలో నిర్ధారించుకున్నారు. లొంగుతుందని తేలిన పిమ్మటే ఆక్స్‌ఫర్డ్‌లోని ఫ్లోరీకి ఫోన్ చేసి సహాయం అర్థించారు.

ఫ్లోరీ తన వద్ద ఉన్న అతి విలువైన నిల్వను ఉదారంగా అందజేశారు. కండరాలకు ఇచ్చిన ఇంజెక్షన్లతో కొంత మెరుగుదల కనిపించినా, మెదడును ఆవరించిన ద్రవంలోకి మందు తగినంతగా చేరడం లేదని పరీక్షలో వెల్లడైంది. అంతకుముందు మనుషులపై ఎవరూ ప్రయత్నించని విధంగా, వెన్నుపూసలోకే నేరుగా పెన్సిలిన్ ఎక్కించే సాహసానికి ఫ్లెమింగ్ పూనుకున్నారు. కొద్ది వారాలలోనే రోగి పూర్తిగా కోలుకొని ఇంటికి వెళ్లారు. మరణశయ్యపై ఉన్న మనిషిని బతికించినది పెన్సిలినే అయినా, ఆ మందు ఆ క్రిమిపై పనిచేస్తుందన్న భరోసాను, అది చేరవలసిన చోటికి చేరడం లేదన్న హెచ్చరికను ఇచ్చినది ప్రయోగశాల పరీక్షే.

1943లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1944లో సర్ బిరుదు, 1945లో ఫ్లోరీ, చెయిన్‌లతో కలిసి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఆయనను వరించాయి.

ఆనాడే చేసిన హెచ్చరిక

1945 డిసెంబర్ 11న స్టాక్‌హోమ్‌లో నోబెల్ ఉపన్యాసం చేస్తూ, యావత్ ప్రపంచం పెన్సిలిన్‌ను అద్భుతంగా కీర్తిస్తున్న వేళ, ఫ్లెమింగ్ ఒక హెచ్చరికతో ప్రసంగాన్ని ముగించడం గమనార్హం. ప్రయోగశాలలో క్రిములను చంపడానికి చాలనంత తక్కువ మోతాదు పెన్సిలిన్‌కు గురిచేస్తే, అవి ఆ మందుకు లొంగకుండా తయారవుతాయని ఆయన వివరించారు. గొంతు నొప్పి వచ్చిన ఒక గృహస్థుడు తనంతట తానే మందు కొని అరకొర మోతాదులో వాడటం, ఆ క్రిములు మందుకు అలవాటుపడి అతని భార్యకు సోకడం, ఆమెకు చికిత్స ఫలించక మరణించడం అనే ఊహాత్మక ఉదాహరణను సభ ముందుంచారు. ఒకరి నిర్లక్ష్యానికి మరొకరు ప్రాణం చెల్లించవలసి వస్తుందన్నదే ఆ ఉదాహరణ సారాంశం.

ఆ హెచ్చరిక ఊహాజనితమైనది కాదు. పెన్సిలిన్‌ను నిర్వీర్యం చేసే ఎంజైమును కొన్ని బాక్టీరియా ఉత్పత్తి చేస్తున్నట్లు 1940లోనే ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు అబ్రహాం, చెయిన్ ప్రకటించారు. యుద్ధానంతరం లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో మేరీ బార్బర్ జరిపిన పరిశీలనలో, 1946లో కొద్దిపాటిగా ఉన్న పెన్సిలిన్ నిరోధక స్టెఫిలోకాకస్ 1948 నాటికి సగానికి పైగా నమూనాలలో కనిపించింది. వైద్యుని చీటీ లేకుండా పెన్సిలిన్ విక్రయించడాన్ని కట్టడి చేస్తూ బ్రిటన్ పార్లమెంటు 1947లో ప్రత్యేక చట్టం చేసింది. తాను కనుగొన్న మందు ఆసుపత్రి వార్డులలో ఓడిపోవడం ఆరంభమైన వైనాన్ని ఫ్లెమింగ్ తన జీవితకాలంలోనే చూడవలసి వచ్చింది.

1946లో ఆయన తన గురువు రైట్ స్థానంలో సంస్థ బాధ్యతలు స్వీకరించారు. 1949లో భార్య సారా మరణించగా, 1953లో తన ప్రయోగశాలలో పరిశోధన చేసిన గ్రీసు దేశపు సూక్ష్మజీవ శాస్త్రవేత్త అమాలియాను వివాహమాడారు. 1955 మార్చి 11న లండన్‌లోని స్వగృహంలో గుండెపోటుతో కన్నుమూశారు. జాతి గౌరవానికి చిహ్నంగా ఆయన చితాభస్మాన్ని సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో నిక్షిప్తం చేశారు.

కాలువ పళ్లెం నుంచి నేటి వేగవంతమైన పరీక్షల వరకు

ఫ్లెమింగ్ తదనంతర కాలంలో ఆయన వేసిన బాట మరింత విస్తరించింది. కాలువకు బదులుగా మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లలను పళ్లెంపై ఉంచి, వాటి చుట్టూ క్రిములు పెరగని వలయాన్ని కొలిచే పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. 1966లో బావర్, కిర్బీ, వారి సహచరులు దీనికి ప్రామాణిక రూపమిచ్చారు. నేటికీ జిల్లా ఆసుపత్రి స్థాయి ప్రయోగశాలలలో అత్యంత విశ్వసనీయమైన పరీక్షలలో ఇది ఒకటి. ఈలోగా క్రిములు కూడా ఊరుకోలేదు. పెన్సిలిన్ నిరోధక స్టెఫిలోకాకస్‌ను ఎదుర్కొనేందుకు మెథిసిలిన్ వాడుకలోకి వచ్చిన కొద్దికాలానికే, 1961లో దానికి కూడా లొంగని క్రిములు బ్రిటన్‌లో బయటపడ్డాయి.

ఈ పళ్లెం పరీక్షకు ఉన్న ప్రధాన పరిమితి కాలం. నమూనా నుంచి క్రిమి పెరగడానికి సుమారు ఒక రోజు, దానిపై మందులను పరీక్షించడానికి మరొక రోజు పడుతుంది. రక్తంలో క్రిమి చేరిన రోగి అంతవరకు నిరీక్షించలేరు. అందువలన వైద్యులు ఫలితం రాకముందే అనేక రకాల క్రిములపై పనిచేసే శక్తివంతమైన మందును ఆరంభించవలసి వస్తున్నది. ఆ మందు సరిపోకపోతే రోగి ప్రాణానికి ముప్పు. అనవసరమైతే నిరోధక క్రిములు పెరగడానికి ఊతం. ఈ రెండు ప్రమాదాల నడుమ ఉన్న గంటలను తగ్గించడమే ఆధునిక ప్రయోగశాల పరీక్షల ధ్యేయం.

ఈ దిశగా 21వ శతాబ్దంలో గణనీయమైన ప్రగతి సాధ్యమైంది. పెరిగిన క్రిమిలోని ప్రోటీన్ల బరువుల తీరును బట్టి దాని జాతిని నిమిషాలలో గుర్తించే మాల్డీ-టాఫ్ పరికరాలు పెద్ద ఆసుపత్రులకు చేరాయి. మెథిసిలిన్ నిరోధకతకు కారణమైన మెక్-ఎ జన్యువును పీసీఆర్ పరీక్ష గంటల వ్యవధిలోనే పసిగడుతుంది. చివరి ఆయుధంగా భావించే కార్బపెనెమ్ మందులను నిర్వీర్యం చేసే ఎంజైములను, పెరిగిన క్రిమి నుంచి సుమారు 15 నిమిషాలలో చూపగల పట్టీ పరీక్షలు సైతం అందుబాటులోకి వచ్చాయి. క్షయ వ్యాధి విషయంలో, రిఫాంపిసిన్ మందుకు క్రిమి లొంగుతుందో లేదో సుమారు 2 గంటలలో తెలిపే జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్షను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఆమోదించింది. మన దేశ క్షయ నివారణ కార్యక్రమంలో సీబీనాట్ పేరిట ఇదే పరీక్ష వినియోగంలోకి వచ్చింది.

అయితే జన్యు పరీక్షలు ముందుగా తెలిసిన జన్యువులను మాత్రమే వెతకగలవు. అవి కనిపించనంత మాత్రాన క్రిమి మందుకు లొంగుతుందని భావించరాదు. కనుక వేగవంతమైన పరీక్ష తొలి సూచనగా, పళ్లెంపై పెంచి చూసే పరీక్ష తుది నిర్ధారణగా రెండూ కలిసి సాగవలసిందే. క్రిమి మందు ఎదుట పెరుగుతున్నదా, లేదా అన్న ఫ్లెమింగ్ నాటి సూటి ప్రశ్నకు ఇప్పటికీ ప్రత్యామ్నాయం లేదు.

తెలుగువారి బాధ్యత

యాంటీబయాటిక్ చరిత్రలో తెలుగువారికి కూడా విశిష్ట స్థానం ఉన్నది. భీమవరంలో 1895లో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనలకు సారథ్యం వహించిన కాలంలోనే, అక్కడ బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. 1948లో ప్రకటితమైన ఆ మందు టెట్రాసైక్లిన్ వర్గంలో మొదటిది. పెన్సిలిన్‌కు లొంగని అనేక క్రిములపై పనిచేసి అది అసంఖ్యాకుల ప్రాణాలను కాపాడింది. అటువంటి మందులను నిలుపుకోవడం ఆ మహనీయులకు మనం అర్పించగల నిజమైన నివాళి.

2019వ సంవత్సరంలో మందులకు లొంగని బాక్టీరియా కారణంగా ప్రపంచవ్యాప్తంగా సుమారు 12 లక్షల 70 వేల మంది మరణించినట్లు 2022లో లాన్సెట్ పత్రికలో వెలువడిన అంచనా తెలియజేస్తున్నది. భారత ప్రభుత్వం 2014 మార్చి 1 నుంచి అమలులోకి తెచ్చిన హెచ్-1 షెడ్యూలు ప్రకారం, పలు ముఖ్యమైన యాంటీబయాటిక్ మందులను వైద్యుని చీటీ లేకుండా విక్రయించరాదు. విక్రయ వివరాలను ఔషధ దుకాణదారులు ప్రత్యేక రిజిస్టరులో నమోదు చేయవలసి ఉన్నది.

వైద్యుని సలహా లేనిదే యాంటీబయాటిక్ వాడరాదు. సూచించిన మోతాదును, సూచించినన్ని రోజులు తప్పక వాడాలి. ఒకరికి రాసిన మందును మరొకరు వాడరాదు. వైద్యులు కల్చర్, సెన్సిటివిటీ పరీక్ష సూచించినప్పుడు దానిని అదనపు ఖర్చుగా భావించక, మొదటి మోతాదు మందుకు ముందే వీలైనంతవరకు నమూనా ఇవ్వాలి. ఆసుపత్రికి వచ్చే బంధువులు రోగిని తాకే ముందు, తాకిన తరువాత చేతులు శుభ్రపరచుకోవాలి. ఆనాటి సైనిక ఆసుపత్రిలో పాకిన క్రిమి ఏ మార్గంలో పాకిందో, నేటి వార్డులలోనూ క్రిములు అదే మార్గంలో పాకుతాయి.

ఒక రైతు బిడ్డ గాజు పళ్లెంలో ఒక కాలువ తవ్వి, మందుకు లొంగే క్రిమిని, లొంగని క్రిమిని వేరుచేసి చూపారు. ఆ పరీక్షను ప్రతి రోగికీ సకాలంలో అందించినప్పుడే ఆయన హెచ్చరికను మనం ఆలకించినట్లవుతుంది. ప్రజలు, వైద్యులు, ఔషధ దుకాణదారులు సమష్టిగా కృషి చేసి, ఆయన మానవాళికి అందించిన మందును భావితరాలకు పదిలంగా అప్పగించవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది.